మూడు తర్వాత సున్నా

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన ఏ చుట్టమూ ముందు నా ముఖం చూసేవారు కాదు. గడప దాటగానే వాళ్ల చూపు తిన్నగా నా తల మీదికి పోయేది. ఆ తర్వాతే మంచినీళ్లు, ఆ తర్వాతే మంచీచెడ్డా. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న యూనివర్సిటీ లైబ్రరీలో అటెండర్. తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి నడిస్తే, హాస్టళ్లు దాటాక వచ్చే స్టాఫ్ క్వార్టర్లలో చిట్టచివరి వరుస మాది. రెండు గదులు, వెనక బట్టలుతికే బండ, బండ పక్కన మూడు మెట్లు. ఎండ బాగా పడేది అక్కడే కాబట్టి నా తలను పరీక్ష చేయాలన్నా, దానికి ఏదైనా పూయాలన్నా నన్ను ఆ మెట్ల మీదే కూర్చోబెట్టేవారు.

మొదట చెవి వెనక అర్ధరూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు రాలిపోయి నున్నగా అయింది. జడ వేస్తుంటే అమ్మ వేలికి తగిలింది. పేనుకొరుకుడు అన్నారు. పేను కొరకడం వల్ల వచ్చేది కాదు, ఊరికే దానికి ఆ పేరు స్థిరపడిపోయింది. పేరు తెలిసిందో లేదో, ఊళ్లో ప్రతి మనిషి దగ్గరా దానికి మందు బయటపడింది. ఒకరు గురివింద గింజను సానరాయి మీద అరగదీసి పట్టించమన్నారు. పట్టిస్తే నెత్తి మండి బొబ్బలెక్కింది. ఒకరు మందారపువ్వుతో రుద్దమన్నారు. గోల్నాకలో ఉండే మా మేనత్త ఉల్లిగడ్డ రసం దగ్గర మొదలుపెట్టి, వచ్చినప్పుడల్లా ఒక కొత్త సీసా సంచిలో వేసుకుని వచ్చేది. ఆమె ప్రేమను తప్పు పట్టలేను కానీ ఆ వాసనలు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఇన్ని చేస్తుండగానే రెండో బిళ్ల వచ్చింది, మూడోది వచ్చింది, ఆరు నెలలు తిరిగేసరికి బిళ్లలన్నీ ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. మా బడిలో ఆడపిల్లలు రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకోవాలని రూలు. మా టీచర్ దయతలచి నన్ను ఎర్ర స్కార్ఫ్ కట్టుకోనిచ్చింది. దాంతో దూరం నుంచే నేనెవరో అందరికీ తెలిసిపోయేది.

పెద్ద దవాఖానకు కూడా తీసుకువెళ్లారు. అక్కడి చర్మం డాక్టరు నా తలను అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, ఇది మన చేతుల్లో ఉండదమ్మా అన్నాడు. చీటీ మీద ఏ మందూ రాయలేదు. మందు రాయనోడు ఏం డాక్టరని అమ్మ బస్సు దిగేదాకా తిట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఏడాది మాకు తెలిసిన వాళ్లందరిలో ఉన్నమాట చెప్పింది ఆయనే. కానీ ఉన్నమాటను ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకోవాలో మా అమ్మకు తెలియలేదు. సీసా అయితే మూత తీయవచ్చు, పూయవచ్చు.

మా అమ్మ జుట్టు గురించి చెప్పాలి. విప్పితే మోకాళ్లు దాటేది. ఆదివారం కుంకుడుకాయల రసంతో తలంటుకుని, మెట్ల మీద కూర్చుని ఆరబెట్టుకుంటుంటే పక్కవాళ్లు పని మానుకుని చూసేవాళ్లు. మా అమ్మకు చదువు లేదు, నగలు లేవు, ఎవరి ముందూ గొంతెత్తి మాట్లాడే అలవాటూ లేదు. తనదని గర్వపడటానికి ఆమెకు ఉన్నది ఆ జుట్టొక్కటే. ఆ జుట్టునే ఆమె గుట్ట మీది నరసింహస్వామికి మొక్కింది. నా బిడ్డ తలమీద మళ్లీ వెంట్రుక మొలిస్తే నా తలనీలాలు నీకిస్తానని, దేవుని పటం ముందు అందరూ వినేలా, నా చెయ్యి పట్టుకుని మరీ మొక్కింది.

మా పక్కింటి అక్క అప్పుడు క్యాంపస్‌లోనే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతుండేది. ఆమె నాన్న కూడా అటెండరే, ల్యాబ్‌లో. ఆ వరుసలో అంతదూరం చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. మాట కటువు, చెయ్యి మెత్తన. ఒకరోజు నేను ఆమె దగ్గరికి వెళ్లి, మీ ల్యాబ్‌లో అన్నీ తయారు చేస్తారట కదా, నాకు జుట్టు తయారు చేసిపెట్టమని అడిగాను. ఆమె నవ్వలేదు. చెప్పులేసుకుని నన్ను తార్నాక చౌరస్తాలో ఒక షాపుకు తీసుకువెళ్లింది. అప్పుడప్పుడే షాంపూ చిన్న ప్యాకెట్లలో రావడం మొదలై, దండలు దండలుగా వేలాడదీసేవారు. ఆ ప్యాకెట్లనూ నూనె సీసాలనూ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి నాకు చదివి వినిపించింది. కొనకుండా ఇంతసేపు ఏం చదువుతున్నారని షాపాయన విసుక్కుంటున్నా లెక్కచేయలేదు. ఆ రోజు ఆమె చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వెంట్రుక నెత్తి దాటి బయటికొచ్చినంక దానికి పానం ఉండది బిడ్డా. నువ్వు కడుగు, నూనె పెట్టు, రంగెయ్యి, అంత పైపైనే. ఏ సీసనన్నా గివే అడగాలె. నువ్వు కడుగుతవా, నున్నగ చేస్తవా, ఎగరకుంట నిలబెడ్తవా? గివి గాక మొలిపిస్త అన్నదనుకో, సాక్ష్యం సూపెట్టు అనాలె."

ఆ మాటలు చెప్పిన వారానికే మా మేనత్త అంబర్‌పేట్ నుంచి ఒక మందు తెచ్చింది. ఎవరో ఇంట్లోనే కాచి అమ్ముతారట. చిక్కటి ఆకుపచ్చ నూనె, కర్పూరం ఘాటు. నలభై రోజుల్లో మొలకలు రాకపోతే అడగమన్నారట. అమ్మ దాన్ని దేవుని గూట్లో పెట్టి, పసుపు బొట్టు పెట్టి మరీ దించింది. నేను అక్క దగ్గరికి పరుగెత్తి ఇదైనా పనిచేస్తుందా అని అడిగాను. నాకేం తెలుసు, నీ నెత్తినే అడుగుదాం అంది.

అలా ఆమె ఒక ఉపాయం పన్నింది. మా అమ్మతో ఈ మందు బాగా వేడి చేసేదిలా ఉందని, ముందు సగం తలకే పెట్టాలని, మిగతా సగానికి చలవ నూనె తాను కలిపి ఇస్తానని చెప్పింది. కెమిస్ట్రీ చదివే పిల్ల చెబితే మా అమ్మకు అది డాక్టరు మాటకన్నా ఎక్కువ. అక్క ఇచ్చింది ఉత్త కొబ్బరినూనె. అందులో ఏదో ఆకు కాచి పచ్చరంగు తెప్పించి, కర్పూరం కలిపింది. రెండింటినీ ఒకేలాంటి సీసాల్లో పోసి, ఒకదాని మెడకు ఎర్ర దారం, ఇంకోదానికి తెల్ల దారం కట్టింది. ఎర్ర దారం కుడివైపుకు, తెల్ల దారం ఎడమవైపుకు. ఏ సీసాలో ఏ నూనె ఉందో నాకు చెప్పలేదు. తెలిస్తే నీ కండ్లు నిజం చెప్పవు అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

నుదుటి పైన రెండు వైపులా రూపాయి బిళ్ల పెట్టి పెన్నుతో గుండ్రంగా గీసింది. ప్రతి ఆదివారం మెట్ల మీద ఎండలో, ల్యాబ్ నుంచి తెచ్చిన భూతద్దంతో ఆ రెండు గుండ్రాల్లో వెంట్రుకలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయాలి. ఒకవైపు కుడి, ఒకవైపు ఎడమ. మిగతా రోజుల్లో నూనె నేనే పెట్టుకోవాలి, ఇంకెవ్వరూ నా తల ముట్టుకోకూడదు. మొదటి నాలుగు ఆదివారాలూ అక్కే లెక్కపెట్టింది. నాలుగుసార్లూ రెండు వైపులా సున్నాలే. ఆమె ఆ సున్నాలను ఎంత తాపీగా, ఎంత గుండ్రంగా రాసేదో! నేను మాత్రం ప్రతి సున్నాకీ ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని.

నాలుగో ఆదివారం తర్వాత ఆమె అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చి అక్క ఊరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ భూతద్దం నా చేతిలో పెట్టి, అద్దంలో చూసుకుని నువ్వే రాయి, ఏముంటే అదే రాయి అని చెప్పింది.

ఐదో ఆదివారం ఎడమవైపు గుండ్రంలో మూడు వెంట్రుకలు కనబడ్డాయి. తెల్లగా, సన్నగా, ఎండకు మాత్రమే కనిపించేలా. ఇది కల్పించి చెప్పడం లేదు, నిజంగానే మూడు వచ్చాయి. నేను కేక పెట్టాను. అమ్మ చేతి పిండి చేతికే ఉండగా పరుగెత్తుకొచ్చింది. నోట్‌బుక్‌లో మూడు అని రాశాను. అమ్మకు అక్షరాలు రావు కానీ బస్సు నంబర్లు చూసి చూసి అంకెలు వచ్చు. ఆ మూడును ఆమె వేలితో తడిమింది.

ఆ సాయంత్రమే అమ్మ తార్నాక వెళ్లి నాకు ఎర్ర రిబ్బన్లు కొనుక్కొచ్చింది. వద్దన్నా వినకుండా పక్కింటికీ ఎదురింటికీ చక్కెర పంచింది. అంతవరకు అమ్మ నవ్వగలదని నాకు తెలుసు కానీ పరాచికాలాడగలదని తెలియదు. ఇగ నీకు జడ, నాకు గుండు అని తన జుట్టు ముడేసుకుంటూ నన్ను ఆటపట్టించేది. అన్నం తింటుంటే ఉత్తపుణ్యానికే నవ్వుకునేది. ఏడాది నుంచి మా ఇంట్లో అందరూ మరిచిపోయిన చప్పుడది.

ఆరో ఆదివారం చూసుకుంటే ఆ మూడూ లేవు. భూతద్దం తుడిచి చూశాను. అద్దం మార్చి చూశాను. ఎండలోకి జరిగి కళ్లు నీళ్లు కారేదాకా చూశాను. అవి ఎప్పుడు రాలిపోయాయో తెలియదు, ఎడమవైపు మళ్లీ నున్నగా ఉంది. మొదటి నాలుగు వారాలూ అక్క సున్నా రాస్తుంటే బాధపడ్డాను కానీ భరించగలిగాను. మూడు తర్వాత సున్నా రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. లోపల అమ్మ ఇయ్యాల ఎన్నొచ్చినయి బిడ్డా అని అడుగుతోంది. నేను ఎడమవైపు తొమ్మిది అని రాశాను. కుడివైపు ఒట్టిదిగా కనిపిస్తే బాగుండదని అక్కడొక నాలుగు రాశాను.

అమ్మ వచ్చి అంకెలు చూసింది. నాకూ చూపెట్టమని భూతద్దం అడిగింది. ఇక దొరికిపోయాననుకున్నాను. ఆమె నా తల మీదికి వంగి చాలాసేపు చూసింది. ఆమె ఊపిరి నా నెత్తికి వెచ్చగా తగులుతోంది. తర్వాత "కనవడ్తున్నయ్, కనవడ్తున్నయ్ బిడ్డా! సన్నగ, మొలకల్లెక్క" అంది. నేను తలెత్తి ఆమె కళ్లలోకి చూశాను. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగానే కనబడుతున్నాయి. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఉన్నాయేమోనని.

మొక్కు ఆలస్యం చేయకూడదని శనివారం పొద్దున్నే గుట్టకు ప్రయాణం పెట్టుకుంది. మా మేనత్త తోడు. బయల్దేరే ముందు తలంటుకుని, మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. నేను పక్కనే కూర్చున్నాను. ఆ జుట్టు నా ఒళ్లో పడి ఉంది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఒక్క మాట చాలు, అమ్మా లేవు అంటే చాలు. ఏం బిడ్డా అని అమ్మ అడిగింది కూడా. ఏం లేదన్నాను. బడికి టైమవుతోందని లేచి వెళ్లిపోయాను. తొమ్మిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. కానీ నాకు తెలుసు. ఏం జరగబోతోందో పూర్తిగా తెలుసు.

సాయంత్రం అమ్మ గుండు మీద గంధం పూసుకుని, చేతిలో ప్రసాదం పొట్లంతో వచ్చింది. జుట్టు లేకపోతే మనిషి ఇంత చిన్నగా అయిపోతుందా అనిపించింది. చెవులు బయటికి కనిపిస్తున్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. చూసినవా, మనిద్దరం ఒక్కటే అయినం, కాని నీది పెరుగుతది నాకన్న ముందే అంది. నాన్న తలెత్తి ఆమెను చూడలేక పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

అదే సాయంత్రం ఊరి నుంచి అక్క తిరిగొచ్చింది. మా అమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత నోట్‌బుక్ తీసింది, నన్ను మెట్ల మీదికి తీసుకువెళ్లింది. ఇంకా వెలుతురుంది. భూతద్దంతో కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎన్నున్నయి?" అంది.

"లేవు."

"ఎన్నడన్న ఉన్నయా?"

"మూడుండె. పోయినయి."

ఆమె నా పక్కన కూర్చుంది. తెల్ల దారం సీసాలోది ఉత్త కొబ్బరినూనె అని అప్పుడు చెప్పింది. అంటే కొబ్బరినూనె వల్ల మొలిచాయా అని ఆత్రంగా అడిగాను. ఇంత జరిగాక కూడా నా బుద్ధి అక్కడికే పరుగెత్తింది. కాదు, వాటంతట అవే వచ్చాయి, వాటంతట అవే పోయాయి, మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, సీసా పిలిస్తే రావు అంది. ఆ డాక్టరు చెప్పిందే మళ్లీ చెప్పింది. ఈసారి నాకు అర్థమైంది. నోట్‌బుక్ తెరిచి నేను రాసిన అంకెల మీద వేలు పెట్టింది. మూడు ఎంత నిజమో దాని తర్వాత సున్నా కూడా అంతే నిజం, అది రాసుంటే మీ అమ్మ ఆగేది అంది. ఈ ఆట నేనే పెట్టిన, సగం తప్పు నాది అని కూడా అంది. నేను దానికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆమె నాకు ఏముంటే అదే రాయమని చెప్పే వెళ్లింది.

మీ అమ్మకు నువ్వే చెప్పు, నేను చెప్పను అని లేచింది. మర్నాడు పొద్దున చెప్పాను. అమ్మ బండ మీద బట్టలు ఉతుకుతోంది. నేను మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పాను. ఆమె చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. తడి చెయ్యి ఎత్తి, కొంగు సర్దుకుంటున్నట్టు తన తల ఒకసారి తడుముకుంది.

"ఒక్కటి సుత లేదా?" అంది.

"లేదమ్మా."

"నాకు కనవడ్డయి గదనే."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె, సరే తీయ్, దేవునికిచ్చింది దేవునికే, వాపస్ అడుగుతమా అని మళ్లీ ఉతకడం మొదలుపెట్టింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ రోజు ఆదివారమే అయినా నా తలకు ఏం పూద్దామని ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం మేనత్త వస్తే, ఇక మందులు తేవద్దని అమ్మే చెప్పింది. గూట్లోంచి సీసాలు ఎప్పుడు పోయాయో నేను చూడలేదు. వాటితో పాటే మా ఇంట్లో ఆశ కూడా పోయింది. ఇన్నాళ్లూ ఆ సీసాలను తిట్టుకున్నదాన్ని, అవి లేని ఆదివారం మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలుసుకున్నాను.

ఏడాది తిరిగేసరికి అమ్మ జుట్టు మెడ దిగింది. రెండేళ్లకు మళ్లీ జడ వచ్చింది, మునుపంత కాదు. నా ఎదుట మాత్రం ఎన్నడూ విప్పలేదు. తలుపు దగ్గరగా వేసుకుని లోపల దువ్వుకునేది. నేను లోపలికొస్తే గబగబా ముడేసుకునేది. నా తల మీద ఆ తర్వాత రెండుమూడుసార్లు పల్చగా నూగు వచ్చింది, పోయింది. పదిహేనేళ్లకు కనుబొమలు కూడా పోయాయి. ఇప్పుడు కొత్త మందులు వచ్చాయని, కొందరికి పనిచేస్తున్నాయని పేపర్లో చదువుతుంటాను. సంతోషమే. నా వయసుకు అవి అందినా నాకు వాటి మీద కోరిక లేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. విచిత్రమేమిటంటే తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ కింద నాది చిన్న ఫ్యాన్సీ షాపు. సీరమ్, కండిషనర్, జెల్, స్ప్రే, రంగు, అన్నీ అమ్ముతాను. మా మేనత్త దంచి పెట్టిన ఉల్లిగడ్డే ఇప్పుడు నల్లటి సీసాలోకి ఎక్కి అద్దాల అరలో కూర్చుంది. స్కార్ఫ్ కట్టుకోవడం ఎప్పుడో మానేశాను. ఈ తల చూసి కూడా నా దగ్గర హెయిర్ ఆయిల్ కొనే హాస్టల్ పిల్లలకు దండం పెట్టాలి. పరీక్షల కాలంలో వాళ్లు దువ్వెనలో రాలిన వెంట్రుకలు కాగితంలో చుట్టి తెచ్చి మరీ చూపిస్తారు. ఇది కడుగుతుంది, ఇది నున్నగా చేస్తుంది, ఇది ఎగరకుండా నిలబెడుతుంది, ముందు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగమ్మా అని చెబుతాను. మొలిపిస్తుందా ఆంటీ అని అడుగుతారు. అది నేను చెప్పలేను, డాక్టరుకు చూపించుకో అంటాను. చాలామంది ముఖం ముడుచుకుని పక్క షాపుకు పోతారు. అక్కడాయన మొలిపిస్తుందని చెబుతాడు. నేను కూర్చున్న చోటు నుంచి వాళ్లు కొనుక్కుని నవ్వుకుంటూ పోవడం కనిపిస్తూనే ఉంటుంది.

మొన్న ఒక తల్లి ఎనిమిదేళ్ల పిల్లను తీసుకొచ్చింది. పిల్ల చెవి వెనక చిన్న బిళ్ల. తల్లి నా తల వంక చూసి, చూడనట్టు చూపు తిప్పుకుని, మంచి నూనె ఏదైనా ఉందా అని అడిగింది. దీనికి నూనె లేదమ్మా, ఒకవేళ వస్తే దానంతట అదే రావాలి అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్రో మెట్లవైపు వెళ్లిపోయింది. నేను చెప్పింది సరైనదే. అయినా ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

సున్నాను సున్నాగా చెప్పడం ఆ అక్క నాకు నేర్పింది. దాన్ని ఇన్నేళ్లూ తప్పలేదు, ఇకముందూ తప్పను. ఒక అబద్ధపు అంకె వల్ల అమ్మ ఏం పోగొట్టుకుందో చూసినదాన్ని. కానీ మూడు రాసిన ఆదివారం నుంచి గుట్టకు వెళ్లొచ్చిన శనివారం దాకా పధ్నాలుగు రోజులు మా అమ్మ నవ్వింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికింది. నా వంక చూసి మళ్లీ అలా నవ్వలేదు.